మూలా నక్షత్రపు పిల్ల ఎవరికి గండం?

జనగామ దగ్గరి ఒక ఊళ్ళో కిందటేడు ఒక పెళ్ళి మాటల్లో నేనూ కూర్చున్నాను. పిల్ల తండ్రి నాకు తెలిసినాయన. పిల్ల డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. అబ్బాయి తరఫువాళ్ళు వచ్చారు, చాయ తాగారు, పిల్లను చూశారు, పొలం ఎంతుందో అడిగారు. అంతా కుదిరినట్టే అనిపించింది. అప్పుడు అబ్బాయి తల్లి నెమ్మదిగా అంది: "పిల్ల మంచిగనే ఉన్నది. గని మూల నక్షత్రమట గదా. మూల అంటె మామకు గండమంటరు. మా ఆయినకు ముందే షుగరున్నది."

ఎవరూ నవ్వలేదు. మధ్యవర్తి ఇద్దరు మగవాళ్ళను బయటికి తీసుకుపోయి మాట్లాడి వచ్చాడు. లోపలికి వచ్చేసరికి దోషానికి ధర కుదిరింది. శాంతిపూజ ఖర్చు పిల్లవాళ్ళది. ముందు అనుకున్న కట్నం మీద ఇంకో రెండు లక్షలు. మామగారి ప్రాణగండం రెండు లక్షలతో తీరిపోయింది.

ఆ సాయంత్రమంతా నన్ను వేధించిన విషయం ఆ రెండు లక్షలొక్కటే కాదు. అంతసేపు మాట్లాడుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఆ పిల్ల ఎటువంటిదని అడగలేదు. ఆమె నెమ్మదస్తురాలా, కోపిష్టా, పదిమందిలో కలివిడిగా ఉంటుందా, పిల్లలకు లెక్కలు ఓపికగా చెబుతుందా అన్నది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆమె పుట్టిన వేళను బట్టి ఆమె గుణం తెలుస్తుందంటారు. కానీ చెప్పిన గుణమేమిటి? మామకు గండం. అది ఆమె గుణం ఎలా అవుతుంది?

మన ప్రాంతంలో ఆడపిల్లలకు గండమని చెప్పుకునే నక్షత్రాలను ఒకసారి వరసగా పెట్టి చూద్దాం. మూల మామకు కీడు. ఆశ్లేష అత్తకు కీడు. జ్యేష్ఠ బావకు, అంటే భర్త అన్నకు కీడు. విశాఖ మరిదికి కీడు. ఇక కుజదోషముంటే భర్తకే కీడు. మామ, అత్త, బావ, మరిది, భర్త. మెట్టినింటి కుటుంబమంతా ఈ జాబితాలో ఉంది. లేనిది ఆ అమ్మాయి ఒక్కతే. ఫలానా నక్షత్రంలో పుట్టిన కోడలికి అత్తింట్లో గండం ఉంటుందని ఎవరైనా చెప్పగా మనం విన్నామా? మన పోలీసు స్టేషన్లలో, ఆసుపత్రుల్లో, మనం నడిపే కౌన్సెలింగ్ కేంద్రాల్లో రోజూ కనిపించే గండం అదే. దాన్ని చూడగల నక్షత్రం మాత్రం లేదు.

ఇది ఒక్క మన మూఢత్వం అనుకోవద్దు. చైనాలో పుట్టి తూర్పు ఆసియా అంతటా పాకిన జాతకచక్రంలో ఏడాదికొక జంతువు చొప్పున పన్నెండు జంతువులుంటాయి. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, ఇలా. వాటికి అయిదు మూలకాలు కలిస్తే అరవై ఏళ్ళ చక్రం అవుతుంది. గుర్రం ఏట పుట్టినవాళ్ళు చురుకైనవాళ్ళు, స్వతంత్రులు, ఒకచోట నిలవనివాళ్ళు అని చెబుతారు. మగవాడికి ఇవన్నీ మెచ్చుకోళ్ళే. గుర్రానికి నిప్పు కలిసిన ఏట, అంటే అరవై ఏళ్ళకొకసారి, ఆడపిల్ల పుడితే మాత్రం జపాన్‌లో ఆ గుణాలే నేరాలయ్యాయి. మొండిది, మొగుణ్ణి మింగుతుంది అన్నారు.

ఆ నమ్మకం ఎంత పని చేసిందో జపాన్ ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 1965లో అక్కడ 18 లక్షల 20 వేల మందికి పైగా పిల్లలు పుట్టారు. అగ్ని గుర్రం సంవత్సరమైన 1966లో పుట్టింది 13 లక్షల 60 వేల మంది. నాలుగో వంతు తగ్గిపోయారు. మరుసటేడు సంఖ్య మళ్ళీ 19 లక్షలు దాటింది. యుద్ధం లేదు, కరువు లేదు. ఆడపిల్ల పుడితే రేపు ఎవరు చేసుకుంటారన్న భయం ఒక్కటే. అంతకు ముందరి అగ్ని గుర్రం ఏడు 1906. అప్పుడు పుట్టుకల్ని ఆపుకునే సాధనాలు అంతగా లేవు కాబట్టి, ఆడపిల్ల పుట్టిన తేదీని ముందుకో వెనక్కో జరిపి రాయించినవాళ్ళున్నారు. రైళ్ళు, కర్మాగారాలు, బడులు, అన్నీ ఉన్న దేశంలో ఇది జరిగింది. చదువు పెరిగితే ఇవన్నీ వాటంతటవే పోతాయని ఎదురుచూస్తూ కూర్చునే మనబోటివాళ్ళకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది.

అరవై ఏళ్ళ తర్వాత అగ్ని గుర్రం ఏడు మళ్ళీ 2026లో వచ్చింది. మనకూ అరవై ఏళ్ళ చక్రం ఉంది కదా. 2026 ఉగాది సంవత్సరం పేరు పరాభవ. 1966 ఉగాది పేరూ అదే. పరాభవమంటే అవమానం. అయినా పరాభవ నామ సంవత్సరంలో పుట్టినందుకు మన దగ్గర ఏ ఆడపిల్లకూ సంబంధం తప్పిపోదు. జపాన్‌లో ఏడాది పేరు అంత భయపెట్టింది, మనల్ని భయపెట్టదు. మనల్ని భయపెట్టే మూల, జ్యేష్ఠలు వాళ్ళకు తెలియనే తెలియవు. ఆకాశం ఒక్కటే. ఏ దేశంలో ఏ పేరుకు భయపడాలో ఆ దేశపు పెద్దలు నిర్ణయించారు. భయపడవలసింది మాత్రం ఆడపిల్లకేనని అందరూ ఒకేలా నిర్ణయించారు.

లెక్కల టీచరు పిల్లకే ఈ అవమానం జరిగింది కాబట్టి కాస్త లెక్క వేద్దాం. నక్షత్రాలు 27. పైన చెప్పినవి నాలుగు. అంటే నూటికి దాదాపు 15 మంది ఆడపిల్లలు ఎవరో ఒకరికి గండమన్నమాట. నలభై మంది ఆడపిల్లలున్న తరగతి గదిలో ఆరుగురు. కుజదోషం సంగతి ఇంకా విచిత్రం. పన్నెండు స్థానాల్లో 2, 4, 7, 8, 12లో కుజుడు ఉంటే దోషమంటారు. అంటే పన్నెండింట అయిదు, నూటికి 40కి పైనే. లగ్నం నుంచి ఒకసారి, చంద్రుడి నుంచి ఒకసారి, శుక్రుడి నుంచి ఒకసారి చూడాలనేవాళ్ళున్నారు. అలా మూడుసార్లు చూస్తే నూటికి దాదాపు 80 మందికి ఎక్కడో ఒకచోట దోషం తగులుతుంది. అందరికీ ఉన్నదాన్ని దోషమని ఎలా అంటాం? అందుకే మినహాయింపులు పుట్టాయి. ఫలానా పాదమైతే దోషం లేదు, ఫలానా రాశిలో ఉంటే పోతుంది, ఇద్దరికీ ఉంటే చెల్లు. మినహాయింపులు ఎన్ని ఉంటే బేరానికి అంత వీలు. సంబంధం కావాలనుకుంటే దోషం పోతుంది, వద్దనుకుంటే నిలుస్తుంది, కట్నం పెంచాలనుకుంటే సగం పోయి సగం నిలుస్తుంది.

కుజదోషం మగవాళ్ళకూ ఉంటుందని జ్యోతిష్కులే చెబుతారు. కానీ అబ్బాయికి కుజదోషం ఉంది కాబట్టి మా పిల్ల ప్రాణానికి పూచీగా రెండెకరాలు రాసివ్వండని అడిగిన ఆడపిల్ల తండ్రి నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇదంతా అనాదిగా ఉన్నదనీ, మన సంస్కృతి అనీ కొందరు అంటారు. మన మూడు జిల్లాల సంగతే చూద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడ్డాయి. ఈ పల్లెల్లో, తండాల్లో యాభై అరవై దాటిన ఆడవాళ్ళను పుట్టిన తేదీ అడిగి చూడండి. వానలు పడ్డ కాలమనో, ఫలానా పెద్దమ్మ పెళ్ళయిన ఏడనో చెబుతారు. చాలామంది ఆధార్ కార్డుల్లో ఉన్నది జనవరి 1. తేదీయే లేనివాళ్ళకు వేళ ఎక్కడిది, జాతకమెక్కడిది? మహా అయితే పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి అయ్యగారు ఒక నక్షత్రం చెప్పేవాడు, పెళ్ళి జరిగిపోయేది.

లంబాడాల్లో, కోయల్లో ఒకప్పుడు మగపిల్లవాడి వైపువాళ్ళే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇచ్చేవారు. దాన్ని నేను గొప్ప చేసి చెప్పడం లేదు. ఓలి కూడా ఆడపిల్లను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చడమే. కానీ అక్కడ ఆమె పనికి, ఆమె చేతులకు ఒక విలువ ఉందని ఒప్పుకున్నారు. ఈ తరంలో ఓలి పోయి కట్నం వచ్చింది. అబ్బాయికి బొగ్గుగనిలోనో, ఏదైనా ప్రభుత్వాఫీసులోనో ఉద్యోగముంటే భూపాలపల్లిలో ఆ ధర ఎలా పలుకుతుందో మన కార్యకర్తలకు నేను చెప్పనక్కర్లేదు. కట్నంతో పాటే జాతకమూ వచ్చింది. నాలుగు డబ్బులు చేతికి వచ్చిన కుటుంబం పై కులాల ఆచారాలను తెచ్చుకుని గౌరవం సంపాదించాలనుకోవడాన్ని సామాజికశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నాడు. ఆ గౌరవం ఇంటికి వస్తుంది. దాని ఖరీదు మాత్రం ఇంటి ఆడపిల్ల కడుతుంది. అమ్మమ్మకు లేని దోషం మనవరాలికి వచ్చిందంటే ఆకాశంలో ఏం మారినట్టు?

ఈ ప్రాంతం కొలిచే సమ్మక్క కథ మనందరికీ తెలిసిందే. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది గానీ 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనిదే. అడవిలో పులుల మధ్య దొరికిన పసిపాపను కోయ పెద్దలు ఇంటికి తెచ్చి పెంచుకున్నారని చెప్పుకుంటారు. ఆ పాప పుట్టిన వేళ ఎవరికి తెలుసు? తెలియనందువల్లే ఆమె బతికిపోయిందేమోనని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంట్లో ఆడపిల్లకు రెండు పుట్టిన తేదీలుంటున్నాయి. ఒకటి జనన ధ్రువపత్రంలోది. పద్దెనిమిదేళ్ళు నిండాయా లేదా అని బాల్యవివాహ నిషేధ చట్టం చూసేది దాన్ని. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు రావాలంటే చూపవలసిందీ దాన్నే. రెండోది జాతకంలోది. అందులో గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి. మొదటిది పిల్ల హక్కు. దాన్ని రిజిస్టరు చేయించడానికి బద్ధకం, పెళ్ళి తొందరైతే దిద్దించడానికి ప్రయత్నం. రెండోదాన్ని మాత్రం బీరువాలో పసుపు రాసి దాచుకుంటాం.

ఈ మధ్య ఆ నిమిషాలు తల్లి కడుపు మీదికి వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశంలో ఇదే ఎక్కువ. కాన్పుల్లో ఆపరేషన్లు పది శాతం దాటినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఇన్ని కోతలకూ ముహూర్తమే కారణమని నేననను. ప్రైవేటు ఆసుపత్రుల ఆదాయం ఉంది, నొప్పులంటే భయం ఉంది, కాన్పు చేయించే నర్సుల కొరత ఉంది. కానీ మంచి నక్షత్రం చూసుకుని ఆపరేషన్ తేదీ పెట్టించుకోవడం కూడా అందులో ఒక కారణమని మన ఊళ్ళల్లో ఎవరినడిగినా చెబుతారు. రేపటి ఆడపిల్ల ఎవరి మామకూ గండం కాకూడదని ఇవాళ్టి ఆడదాని పొట్ట కోయించుకోవడం! పాపను కాపాడుకోవాలన్న తల్లి ఆరాటం నాకు అర్థమవుతుంది. ఆ ఆరాటానికి దారితీసిన బెదిరింపే నాకు అర్థం కావడం లేదు.

చదువుకున్నవాళ్ళూ, న్యాయస్థానాలూ ఇందుకు అతీతమనుకుంటే పొరపాటు. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి అత్యాచారం చేశాడన్న ఆరోపణ ఎదుర్కొంటున్న ఒకతను బెయిలు కోసం అలహాబాద్ హైకోర్టుకు వెళ్ళాడు. ఆమెకు కుజదోషముంది కాబట్టి పెళ్ళి చేసుకోలేనన్నాడు. 2023 మే నెలలో ఆ కోర్టు ఏం చేసిందో తెలుసా? ఇద్దరి జాతకాలనూ పరిశీలించి ఆమెకు దోషం ఉందో లేదో తేల్చమని లక్నో విశ్వవిద్యాలయం జ్యోతిష శాఖాధిపతిని ఆదేశించింది. ఆ ఏడు జూన్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కలగజేసుకుని ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అందుకు సంతోషమే. కానీ నేరం చేశాడన్న మగవాణ్ణి వదిలి, ఫిర్యాదు చేసిన స్త్రీ జన్మకుండలిని పరీక్షించాలన్న ఆలోచన ఒక హైకోర్టుకు రావడం చిన్న విషయమా? జ్యోతిష శాఖ విశ్వవిద్యాలయంలో ఉంది కాబట్టే ఆ ఆలోచన వచ్చింది. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలని యూజీసీ నిర్ణయించినప్పుడు, హైదరాబాద్ సీసీఎంబీని స్థాపించిన శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెక్కాడు. ఇక్కడి హైకోర్టులోనూ, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయాడు. ఆ ఓటమి శాస్త్రవేత్తలది మాత్రమేనని స్త్రీల సంఘాలం అనుకున్నాం. అది మనది కూడా.

నమ్మకాల జోలికి పోతే ఆడవాళ్ళే మనకు దూరమవుతారని కొందరు మిత్రులంటారు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. తాగొచ్చి కొట్టే భర్త గురించి చెప్పుకోవడానికి చాలామంది ఆడవాళ్ళకు మొదట దొరికేది పంచాంగం చూసే అయ్యగారే. వాళ్ళ గోడు ఓపికగా వినేది ఆయనొక్కడే కావచ్చు. ఏలినాటి శని మరో రెండేళ్ళలో పోతుందంటే ఆమెకు ఆ పూటకు ఊపిరి ఆడుతుంది. ఆమెను వెక్కిరించే హక్కు మనకు లేదు. కానీ ఒక స్త్రీ తన ఓదార్పు కోసం దేన్ని నమ్ముతుందన్నది ఒక సంగతి. ఒక నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని ఇతరులు ఆమె మీద ధర కట్టడం, నింద వేయడం ఇంకో సంగతి. మొదటిదాని మీద మనం మాట్లాడుకుందాం. రెండోదాని మీద చట్టం ఉంది.

నేనూ ఇందుకు బయటిదాన్నేం కాదు. నాదీ మూల నక్షత్రమే. నా పెళ్ళి సంబంధాలప్పుడు మా అమ్మ నేను పుట్టిన వేళను గంటన్నర ఆలస్యంగా రాయించి నన్ను పూర్వాషాఢలోకి మార్చింది. సామాజికశాస్త్రం చదువుతున్న నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. తర్వాత మా మామగారు గుండెజబ్బుతో పోయినప్పుడు, ఆ అసలు వేళ ఎవరికీ తెలియదు కదా అని లోలోపల నేను ఊరట పొందాను. ఆ ఊరటను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన ముప్ఫై ఏళ్ళు రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చిన మనిషి. అయినా నేను నన్నే అనుమానించుకున్నాను. ఆడపిల్ల తలలో ఇంత లోతుకు దిగుతుంది ఈ నింద.

కాబట్టి మన కార్యకర్తలకు నాలుగు మాటలు. నక్షత్రం పేరుతో అడిగే అదనపు సొమ్ము కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టం వివాహానికి సంబంధించి ఇచ్చేదాన్నీ, ఇస్తామని ఒప్పుకునేదాన్నీ కట్నమంటుంది. అది దోష నివారణ కోసమా, కారు కోసమా అని చూడదు. ఇచ్చినవాళ్ళ మీదా కేసవుతుందని తల్లిదండ్రులు భయపడతారు. బాధితులు తమ వాంగ్మూలంలో చెప్పినదాన్ని బట్టి వాళ్ళనే శిక్షించరాదని ఆ చట్టంలోని 7వ సెక్షన్ చెబుతుందని వాళ్ళకు వివరించాలి.

రెండోది, "నష్టజాతకురాలు", "నీ కాలు పెట్టినంక ఇల్లు మునిగింది" అన్నవి ఉత్త తిట్లు కావు. అవమానించడం, పేర్లు పెట్టి పిలవడం 2005 గృహహింస చట్టం కింద మాటలతో, మనసుపై చేసే హింస. గృహహింస నివేదిక రాసేటప్పుడు "మానసికంగా వేధించారు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఆమెను ఏ మాట అన్నారో ఆ మాటనే రాయండి. ఎవరు చనిపోయినప్పుడు అన్నారో, ఏ పంట పోయినప్పుడు అన్నారో అదీ రాయండి.

మూడోది, గర్భిణీల సమావేశాల్లో ఆపరేషన్ గురించి మాట్లాడేటప్పుడు ముహూర్తం మాట మనమే ఎత్తాలి. వైద్య కారణమేమిటని డాక్టరును అడిగే ధైర్యం ఆమెకు, ఆమె అత్తకు కూడా ఇవ్వాలి. నాలుగోది, కిశోర బాలికల సమావేశంలో 27 నక్షత్రాల లెక్క వేయించండి. ఆ గదిలో ఎంతమంది ఎవరికి గండమో వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. నవ్వుతారు. ఆ నవ్వు జనగామలో ఆ రోజు రావలసింది, రాలేదు.

ఆ లెక్కల టీచరు పెళ్ళి జరిగింది. రెండు లక్షలూ ఇచ్చారు. ఈ మధ్య ఫోను చేసినప్పుడు వాళ్ళ మామ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. "మంచిగున్నడు మేడం, షుగరు మాత్రలు నేనే గుర్తుచేసి ఇస్త" అంది. ఆమె ఎటువంటిదో తెలుసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. ఆ మాటలప్పుడే ఎవరైనా ఆమెను అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.